తెల్లకణాలు 18 వేలున్నా ఫంగస్ ఎందుకు ఆగలేదు?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. అంబాజీపేట దగ్గర కురిడీ (ఎండు కొబ్బరికాయ) వ్యాపారం. మీ నాన్నగారికి 58 ఏళ్ళు, తొమ్మిదేళ్ళుగా షుగర్. ఎడమ బుగ్గ తిమ్మిరెక్కి, కన్ను వాచి, కాకినాడ తీసుకెళ్తే ముక్కులో ఫంగస్ అన్నారు. రెండు ఆపరేషన్లు, మూడు వారాలు ఆంఫోటెరిసిన్ అనే ఫంగస్ మందు సెలైన్‌లో ఎక్కించడం అయ్యాయి. కన్ను దక్కింది, ఇప్పుడు మాత్రల మీద ఇంటికొచ్చారు. మీరడిగినవి ఇవి. ఇంట్లో అందరం ఆ కొట్టులో ఆ దుమ్మే పీలుస్తుంటే ఆయనకే ఎందుకొచ్చింది? ఇమ్యూనిటీ పడిపోయిందన్నారు, కానీ చేర్చిన రోజు రిపోర్టులో తెల్లకణాలు 18 వేలున్నాయి, అంటే ఉండాల్సిన దానికంటే ఎక్కువే కదా? ఇమ్యూనిటీ పెంచే పౌడర్లు ఇవ్వాలా, ల్యాబువాళ్ళు చెప్పే ఇమ్యూనిటీ ప్యాకేజీ టెస్టు చేయించాలా? చివర్లో, పోతూపోతూ ఒక ముక్క రాశారు: మోకాళ్ళ నొప్పులకి ఊళ్ళో ఇచ్చే పొట్లాల మందు ఏడాదిగా వాడుతున్నారని. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మీ ప్రశ్నల్లో నాకు బాగా నచ్చింది ఆ 18 వేల సంగతి. నేను ఈఎన్‌టీ సర్జన్‌ని, ముక్కులు చూడ్డం మొదలెట్టి 28 ఏళ్ళయింది. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న అడిగిన బంధువులు ఇద్దరో ముగ్గురో. కణాలు ఎన్నున్నాయన్నది ఒక లెక్క, వాటిలో ఎన్ని పని చేస్తున్నాయన్నది ఇంకో లెక్క. కాగితం మీద పడేది మొదటిదే.

నేనూ ఒకసారి ఆ కాగితం చూసే బోల్తా పడ్డాను. పదిహేనేళ్ళు దాటింది, అప్పుడు వేరే ఆస్పత్రిలో చేసేవాణ్ణి. చెరువుల మీద కాపలా ఉండే మనిషి, ఒక పక్క ముఖం నొప్పని సాయంత్రం వచ్చాడు. షుగర్ 400 పైన. తెల్లకణాలు 21 వేలు. అంత పెరిగాయంటే చీము పట్టిన మామూలు సైనస్ అనుకున్నాను, ఒంట్లో పోరాటం గట్టిగానే జరుగుతోందని ధైర్యం కూడా చెప్పుకున్నాను. యాంటీబయాటిక్ రాసి, వాపు తగ్గుతుందని ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ కూడా ఇచ్చాను. తెల్లారేసరికి ఆ పక్క కనురెప్ప ఎత్తలేకపోయాడు. ఎండోస్కోప్ పెట్టి చూస్తే ముక్కు లోపల పక్కగోడ మీద ఉండే మడత, మధ్య టర్బినేట్ అంటాం, పాలిపోయి ఉంది. పనిముట్టుతో తాకాను, కదల్లేదు. గట్టిగా గీశాను, రక్తం రాలేదు, నొప్పీ లేదన్నాడు. బతికున్న ముక్కుని అలా గీస్తే మనిషి కుర్చీలోంచి లేచిపోతాడండీ. మనిషి బతికాడు గానీ కన్ను తీసెయ్యాల్సి వచ్చింది. ఆ ఇంజెక్షన్ నా చేత్తో రాసిందే.

ఇక బూజు సంగతి. బ్లాక్ ఫంగస్ అన్న పేరు 2021లో ఇంటింటికీ చేరింది గానీ ఆ ఫంగస్ నలుపు కాదు. తడి రొట్టెముక్కని నాలుగు రోజులు వదిలేస్తే తెల్లటి దూదిలా లేచి, దాని మీద మిరియప్పొడి చల్లినట్టు చుక్కలు వస్తాయి చూడండి, ఆ జాతిదే. పేరు రైజోపస్. మన దేశంలో ఈ జబ్బుకి ఎక్కువగా కారణం అదే. నల్లబడేది మన కండ, రక్తం అందక చచ్చిపోయి. ఈ జబ్బు మనుషుల్లో ఉంటుందని 1885లోనే పాల్టాఫ్ అనే డాక్టరు రాశాడు, కోవిడ్‌తో పుట్టిందేమీ కాదు.

దాని విత్తనాలు, అంటే స్పోర్లు, లేని చోటు చెప్పడం కష్టం. వానకి తడిసిన గడ్డిమేటు అడుగున, పెంటపోగులో, పీచు కుప్పల్లో, మీ అటక మీద పాడైపోయిన కురిడీ పగలగొడితే పైకి లేచే ఆ బూడిదరంగు దుమ్ములో. మీరు, మీ అమ్మగారు, కొట్టులో పనివాళ్ళు, అందరూ రోజూ పీలుస్తూనే ఉన్నారు. కాబట్టి మీ నాన్నగారికి ఎక్కడ అంటుకుందని వెతకడంలో లాభం లేదు. మనిషి నుంచి మనిషికీ రాదు. పిల్లల్ని తాతగారి మంచం దగ్గరికి రానివ్వకుండా ఆపుతున్నామని రాశారు, ఆ పని ఈరోజే మానెయ్యండి.

ముక్కులోకి వెళ్ళిన స్పోరుని ముందు చీమిడి పట్టుకుని బయటికి తోసేస్తుంది. తప్పించుకుని లోపల దిగినదాన్ని మాక్రోఫేజ్ అనే కావలికణం మింగుతుంది. ఇక్కడో చిత్రం ఉంది. రైజోపస్ స్పోరు గట్టిపిండం, మాక్రోఫేజ్ దాన్ని మింగినా వెంటనే చంపలేకపోవచ్చు. కానీ మొలకెత్తనివ్వదు. గింజ చావలేదు, మొలకా రాలేదు, అలా పట్టుకుని కూర్చుంటుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి అది చాలు. 1980లలో ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో ఇది తేలింది: మామూలు ఎలుకల ఊపిరితిత్తుల్లో స్పోరు అలాగే ఉండిపోయింది, షుగర్ తెప్పించిన ఎలుకల్లోనూ కార్టిజోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చిన ఎలుకల్లోనూ మొలకెత్తింది. కావలివాడు ఉన్నాడు, గింజని పట్టుకున్నాడు కూడా. కానీ ఆ పట్టులో బలం లేదు.

మొలకెత్తాక పీచులా సాగుతుంది, దాన్ని హైఫా అంటారు. సమస్య సైజు దగ్గర మొదలవుతుంది. స్పోరు కొన్ని మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), కణం నోట్లో పడుతుంది. హైఫా వెడల్పే 6 నుంచి 25 మైక్రాన్ల దాకా ఉంటుంది, పొడవు చెప్పక్కర్లేదు. దాని మీదికి వెళ్ళాల్సిన న్యూట్రోఫిల్ అనే తెల్లకణం మొత్తం చూస్తే 12, 15 మైక్రాన్లు. మింగడం కుదరదు. అందుకని న్యూట్రోఫిళ్ళు గుంపుగా చుట్టూ అంటుకుని, లోపల దాచుకున్న ఘాటు రసాయనాల్ని దాని ఒంటి మీద కుమ్మరిస్తాయి. ఆక్సిజన్‌ని మండించి విషంగా మార్చి చల్లుతాయి, కొన్నయితే తమ డీఎన్‌ఏనే వలలా విసిరి చస్తాయి. మీ రిపోర్టులో 18 వేలు అన్నదాంట్లో ఎక్కువ భాగం ఈ న్యూట్రోఫిళ్ళే అయ్యుంటాయి, పక్కన శాతాలు చూడండి.

ఇప్పుడు మీ ప్రశ్న. అన్ని ఉండి ఎందుకు ఆపలేకపోయాయి?

మీరు నరసాపురం వైపు వెళ్తే సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కే ఉంటారు. పంటు ఒడ్డుకొచ్చి, తాడు వేసి, గుంజకి బిగిస్తేనే జనం దిగేది. తాడు లేకపోతే ఎంతమందిని ఎక్కించుకున్నా ఏటి మధ్య తిరుగుతూ ఉండాల్సిందే. న్యూట్రోఫిల్ కూడా అంతే. రక్తంలో కొట్టుకుపోతూ, జబ్బున్న చోట రక్తనాళం గోడకి అంటుకుని, సందులోంచి దూరి కండలోకి దిగాలి. మామూలు రోజుల్లో కూడా చాలా న్యూట్రోఫిళ్ళు నాళాల గోడలకి అతుక్కుని సిద్ధంగా ఉంటాయి. స్టెరాయిడ్ ఆ తాళ్ళు విప్పేస్తుంది. గోడలకున్నవన్నీ ప్రవాహంలోకి వచ్చిపడతాయి. మనం సూదితో లాగేది ఆ ప్రవాహంలోంచే కాబట్టి లెక్క అమాంతం పెరిగి కనిపిస్తుంది. రేవులో దిగేవాళ్ళు మాత్రం తగ్గిపోయారు. మీ నాన్నగారి 18 వేలల్లో ఇన్‌ఫెక్షన్ వల్ల వచ్చినవి కొన్ని, ఆ పొట్లాల మందులో నేను అనుమానిస్తున్నట్టు స్టెరాయిడ్ ఉంటే దాని వల్ల గోడలు వదిలి కొట్టుకొచ్చినవి కొన్ని. ఏది ఎంతో ఆ కాగితం చెప్పదు.

దిగినవాటి సంగతేంటంటే, షుగర్ అక్కడ దెబ్బ కొడుతుంది. రక్తంలో షుగర్ ఎక్కువున్నప్పుడు న్యూట్రోఫిల్ నడక మందగిస్తుంది, జబ్బు వాసన పట్టి అటువైపు సరిగ్గా పోలేదు. పోయినా చేతిలో మందుగుండు తక్కువ. ఆ ఆక్సిజన్ విషం తయారుచెయ్యడానికి కణానికి ఎన్‌ఏడీపీహెచ్ అనే సరుకు కావాలి. షుగర్ మితిమీరినప్పుడు కణం లోపల చేరిన గ్లూకోజుని వేరే పదార్థంగా మార్చుకోవడానికి ఆ సరుకే ఖర్చయిపోతుంది. పెళ్ళికని దాచిన బియ్యం మధ్యలో వచ్చిన చుట్టాలకి వండేసినట్టు, ముహూర్తం నాటికి బస్తా ఖాళీ.

ఇంతవరకూ మామూలు షుగర్. కీటోఎసిడోసిస్, అంటే ఇన్సులిన్ చాలక కీటోన్లు పేరుకుని రక్తం ఆమ్లంగా మారడం, అయితే కథ పూర్తిగా ఫంగస్ వైపు తిరిగిపోతుంది. మీ నాన్నగారు చేరినప్పుడు మూత్రంలో కీటోన్లు వచ్చాయన్నారు కదా, అందుకని ఇది కొంచెం వివరంగా చెప్తాను.

ఫంగస్ పెరగాలంటే ఇనుము కావాలి. మన రక్తంలో ఇనుము ఉంది గానీ వదులుగా తిరగదు, ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రొటీను దాన్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది. రక్తం ఆమ్లంగా మారితే ఆ పట్టు సడలుతుంది, ఇనుము వదులైపోతుంది. 1982లో ఒక చిన్న ప్రయోగం చేశారు. కీటోఎసిడోసిస్‌లో ఉన్నవాళ్ళ రక్తం నుంచి తీసిన సీరంలో రైజోపస్‌ని వేశారు. ఆమ్లం ఉన్నప్పుడు కొందరి సీరంలో అది హాయిగా పెరిగింది. ఆ సీరం క్షారగుణం వైపు మార్చేసరికి పెరగలేదు. ఆ మనిషి రక్తమే, ఆ ఫంగసే, మారింది పులుపొక్కటే. నాకు ఈ జబ్బు అర్థమైంది ఆ ప్రయోగం చదివిన రోజునే అంటాను.

ఇంకోటుంది. రక్తనాళాల లోపలి పూతలో జీఆర్‌పీ78 అనే ప్రొటీను ఉంటుంది, ఫంగస్ ఒంటి మీద కాట్‌హెచ్3 అనేది ఉంటుంది. ఒకటి తాళం, ఒకటి చెవి. షుగర్, వదులైన ఇనుము, కీటోన్లు, ఈ మూడూ ఎక్కువైనకొద్దీ తాళాలూ ఎక్కువ పుడతాయి, చెవులూ ఎక్కువ పుడతాయి. మన కణాలు నీరసపడిన సమయానికే అవతలివాడికి తలుపులు ఎక్కువ దొరుకుతున్నాయన్నమాట. షుగర్ మనిషికి ఇది ముక్కు నుంచి కంటికి, కంటి నుంచి మెదడుకి రోజుల్లో పాకడం వెనక ఈ జత ఉంది.

ఇనుమే అసలు దొంగ అయితే ఇనుముని లాగేసే మందు ఇస్తే సరిపోదా అని మీకు అనిపించవచ్చు, పెద్దవాళ్ళకీ అనిపించింది. పాత మందు డెఫెరాక్సమీన్‌తో బెడిసికొట్టింది. ఆ మందు పట్టుకున్న ఇనుముని రైజోపస్ నేరుగా తీసేసుకుంటుంది, అది వాడిన డయాలసిస్ పేషెంట్లలో ఈ జబ్బు వచ్చింది. తర్వాత వచ్చిన డెఫెరాసిరాక్స్ అలా చెయ్యదు కదా అని 20 మందితో ఒక ట్రయల్ చేసి 2012లో ఫలితాలిచ్చారు. ఆ మందు కలిపినవాళ్ళే ఎక్కువమంది చనిపోయారు. కాబట్టి అమ్మా, ఎక్కడో చదివి ఐరన్‌ని తగ్గించే ప్రయత్నాలు, నీరసంగా ఉన్నారని ఐరన్ టానిక్కులు, రెండూ సొంతంగా వద్దు. రక్తం తక్కువుంటే చూస్తున్న డాక్టరుని అడిగి చెయ్యండి.

రెండో ఆపరేషన్ ఎందుకు చేశారో మీకు సరిగ్గా చెప్పినట్టు లేదు. ఈ హైఫాలు కండని నమలడం కంటే రక్తనాళాల్లోకి దూరడం మీద ఎక్కువ మక్కువ చూపిస్తాయి. నాళంలో గడ్డ కడుతుంది, దాని కింద ప్రాంతానికి రక్తం ఆగిపోతుంది. మన కాలవలో గుర్రపుడెక్క పట్టి తూము మూసుకుపోతే శివారు చేలకి నీళ్ళు అందవు కదా. ధవళేశ్వరంలో ఎన్ని గేట్లెత్తినా ఆ చివరి బోదెలోకి చుక్క రాదు. అక్కడికి న్యూట్రోఫిలూ వెళ్ళదు, ఆంఫోటెరిసిన్ కూడా వెళ్ళదు, రెండూ వెళ్ళే దారి ఆ నాళమే. కణాలన్నీ నిక్షేపంగా పని చేసే మనిషికైనా చచ్చిన కండలో ఉన్న ఫంగస్‌ని అవేం చెయ్యలేవు. అందుకే రక్తం కారే కండ కనబడేదాకా కోసి తీస్తాం. ఒక్కసారిలో హద్దు తెలీదు, నాలుగు రోజులాగి మళ్ళీ చూస్తే ఇంకో ముక్క నల్లబడి ఉంటుంది. రెండోసారి తీసుకెళ్ళారంటే మొదటిసారి తప్పు చేశారని అనుకోవద్దు.

ఇక "ఇమ్యూనిటీ" అన్న మాట మీద నాకున్న కోపం చెప్పుకోవాలి. అది ట్యాంకులో నీళ్ళలా ఒక మట్టం ఉండి, తగ్గితే నింపేది కాదు. ఎయిడ్స్ ముదిరినవాళ్ళలో టీ కణాలు దారుణంగా పడిపోతాయి, రకరకాల జబ్బులొస్తాయి, కానీ ఈ బ్లాక్ ఫంగస్ వాళ్ళలో అరుదు. ఎందుకంటే వాళ్ళ న్యూట్రోఫిళ్ళూ మాక్రోఫేజ్‌లూ చాలావరకు పనిలోనే ఉంటాయి. అదే బ్లడ్ క్యాన్సర్ మందులతో న్యూట్రోఫిళ్ళు 500 కంటే కిందికి పడిపోయి వారాలపాటు లేవకపోతే ఇది వస్తుంది, వాళ్ళకి ఎక్కువగా ఊపిరితిత్తుల్లో. అక్కడ సైన్యమే లేదు. మీ నాన్నగారి దగ్గర సైన్యం ఉంది, పని చేసే చోటు చెడిపోయింది. ఈ రెంటినీ ఒకే మాటతో పిలిచి ఒకే పౌడరు అమ్ముతున్నారు.

ఇంకా విచిత్రం, ఫంగస్ సైనస్‌లలోనే ఇమ్యూనిటీ అతిగా పనిచేసి తెచ్చే రకం ఒకటుంది. పాతికేళ్ళ కుర్రాళ్ళు ముక్కులో కండలు పెరిగి, వేరుశనగ వెన్నలాంటి జిగట పదార్థం నిండిపోయి వస్తారు. అది అలర్జీ రకం. ఫంగస్ కండలోకి దూరదు, ఒళ్ళే దాన్ని చూసి రచ్చ చేస్తుంది. దానికి ఆపరేషన్ తర్వాత మేమే స్టెరాయిడ్ ఇస్తాం. మీ నాన్నగారి రకానికి స్టెరాయిడ్ నిప్పులో నెయ్యి. రెంటి రిపోర్టులోనూ ఫంగల్ సైనసైటిస్ అనే ఉంటుంది. ఒకరి చీటీ చూసి ఇంకొకరు మందు కొనుక్కోవడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి చూడండి. షుగర్ లేకుండా, కణాలు బాగానే ఉండి, నెలల తరబడి మెల్లగా పాకే ఆస్పర్జిల్లస్ అనే ఇంకో ఫంగస్ రకం కూడా మన దేశంలో, సూడాన్‌లో కనిపిస్తుంది, దాని కథ వేరు.

ప్యాకేజీ టెస్టు వద్దు. అందులో ఉండే యాంటీబాడీల లెక్కలు, టీ కణాల లెక్కలు మీ నాన్నగారి వైద్యంలో ఒక్క మాత్రని కూడా మార్చవు. న్యూట్రోఫిల్ నిజంగా ఆక్సిజన్ విషం తయారుచేస్తోందో లేదో చూసే టెస్టు ఉంది, డీహెచ్ఆర్ అంటారు. పుట్టుకతోనే ఆ శక్తి లేని పిల్లల్ని పట్టుకోవడానికి వాడతాం. తొమ్మిదేళ్ళ షుగర్, కీటోన్లు, ఏడాది పొట్లాలు, ఇన్ని కారణాలు కళ్ళెదురుగా ఉన్న మనిషికి అది దండగ. ఏ కారణమూ కనబడని మనిషికి ఈ జబ్బొస్తే మాత్రం వదలకూడదు. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, హెచ్ఐవీ, బ్లడ్ స్మియర్ అన్నీ చూడాలి. ఫంగస్‌తో వచ్చిన రోజే షుగర్ బయటపడ్డవాళ్ళని చాలామందిని చూశాను, అంతకుముందు ఒక్కసారీ పరీక్ష చేయించుకోనివాళ్ళు.

పౌడర్ల మీద డబ్బు పెట్టకండి. అందులో చాలావాటికి రుచి కోసం పంచదార కలుపుతారు, వెనక చిన్న అక్షరాలు చదవండి. ఆకు పసర్లు, కషాయాలు ఆయన ఇప్పుడు వేసుకుంటున్న ఫంగస్ మాత్ర పోసాకొనజోల్‌తో కలిసి ఏం చేస్తాయో చెప్పలేం, దానికి చాలా మందులతో పడదు. షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ మాత్రలన్నీ ఆ డాక్టరుకి చూపించారా? కొలెస్ట్రాల్‌కిచ్చే కొన్ని స్టాటిన్లు పోసాకొనజోల్‌తో కలిపి వాడకూడదు.

మరి ఆ కణాలకి బలం ఎలా వస్తుందంటారా? ఎముకల మజ్జ రోజుకి దాదాపు పదివేల కోట్ల న్యూట్రోఫిళ్ళని తయారు చేస్తుంది. రక్తంలోకొచ్చాక అవి బతికేది చాలా తక్కువ కాలం. అంటే ఇవాళ మీ నాన్నగారి ఒంట్లో తిరిగేవి ఆస్పత్రిలో చేరిన రోజువి కావు, అవెప్పుడో పోయాయి. రోజూ కొత్తవి దిగుతున్నాయి. షుగర్ అదుపులో ఉన్న రక్తంలోకి దిగితే కొత్తవి కొత్తవాటిలాగే పనిచేస్తాయి. ఇన్సులిన్‌తో షుగర్ దిగాక న్యూట్రోఫిల్ చంపే శక్తి మెరుగుపడటం పరీక్షల్లో కనిపించింది. మీరు వెతుకుతున్న ఇమ్యూనిటీ పౌడర్ ఇన్సులినే అనుకోండి. మన వైపు "ఇన్సులిన్ మొదలెడితే ఇక జీవితాంతం" అన్న భయం బాగా ఉంది. ఆయన్ని డిశ్చార్జి చేసేటప్పుడు ఇన్సులిన్ రాసుంటే, బాగానే ఉన్నారు కదా అని మాత్రలకి మార్చకండి, మార్చేదేదైనా డాక్టరు మార్చాలి. గ్లిఫ్లోజిన్ అని చివరొచ్చే షుగర్ మాత్రలు వాడుతుంటే ఒక జాగ్రత్త ఉంది: వాటితో షుగర్ 200 దగ్గరే ఉన్నా కీటోన్లు చేరొచ్చు. వాంతులు, ఆయాసం వచ్చినప్పుడు గ్లూకోమీటర్ అంకె బాగుందని ఆగిపోవద్దు.

ఆస్పత్రిలో మీ అన్నయ్య నర్సుతో గొడవపడ్డారని రాశారు, షుగర్ మనిషికి గ్లూకోజ్ సీసాలో మందు కలుపుతారా అని. పాపం ఆవిడ చేసింది సరైందే. ఆంఫోటెరిసిన్‌ని ఉప్పునీటి సెలైన్‌లో కలిపితే విరిగిపోతుంది, 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లోనే కలపాలి. ఆ గ్లూకోజుకి తగ్గ ఇన్సులిన్ పక్కన ఇస్తారు. ఇంకో మాట, ఆ మందు పొటాషియాన్ని మూత్రంలో పోగొడుతుంది కాబట్టి మీరు రోజుకి నాలుగు కొబ్బరి బొండాలు తాగిస్తున్నామన్నారు. కోనసీమలో ఈ మాట చెప్పడానికి ధైర్యం కావాలి గానీ, బొండాలు ఆపండి. ఆంఫోటెరిసిన్ అయిపోయింది, ఇప్పుడు కిడ్నీ ఎలా ఉందో క్రియాటినిన్, పొటాషియం చూడకుండా అన్ని బొండాలు మంచిది కాదు, అందులో చక్కెర కూడా ఉంది. రిపోర్టు చూసి డాక్టరు సరేనంటే ఇవ్వండి.

కేంద్ర ఆరోగ్యశాఖ 2021 జూన్ చివర్లో చెప్పిన లెక్కలో దేశంలో ఈ బ్లాక్ ఫంగస్ కేసులు 40,845. వాళ్ళలో 64 శాతానికి షుగర్ ఉంది, సగానికి పైగా స్టెరాయిడ్లు వాడారు. కోవిడ్‌లో ఆక్సిజన్ అవసరమైనవాళ్ళకి రోజుకి 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, పది రోజులకి మించకుండా, ప్రాణాలు నిలబెట్టింది. ఆక్సిజన్ అక్కర్లేనివాళ్ళకి దానితో ఉపయోగం కనబడలేదు. మన పల్లెల్లో మాత్రం జ్వరం తగలగానే అది వేసేసుకున్నవాళ్ళున్నారు, రెండు మూడు రెట్లు వేసుకున్నవాళ్ళూ ఉన్నారు. ఆ ఏడాది మే నెలలో ప్రభుత్వం దీన్ని ఆరోగ్యశ్రీలో చేర్చింది కాబట్టి చాలా కుటుంబాలు అప్పుల్లో మునక్కుండా బయటపడ్డాయి.

కోవిడ్ పోయింది, పొట్లాలు పోలేదు. మోకాళ్ళకి, ఆయాసానికి, దురదకి పేరులేని పొట్లం ఇస్తే మర్నాటికే హాయిగా ఉందంటే నాకు ముందు స్టెరాయిడ్ మీదే అనుమానం. ముఖం గుండ్రంగా ఉబ్బడం, చర్మం కాగితంలా పలచబడి కొంచెం తగిలితే కమిలిపోవడం, షుగర్ ఎన్ని మందులు మార్చినా దిగకపోవడం, ఈ మూడూ ఆయనకి ఈ ఏడాదిలో వచ్చాయేమో గుర్తు చేసుకోండి. వచ్చుంటే, ఆస్పత్రిలో ఆ పొట్లాల మాట ఎవరూ చెప్పి ఉండకపోతే, ఇప్పుడైనా చెప్పాలి. కంగారుపడి ఒక్కసారిగా మానిపించడం కూడా తప్పే. ఏడాది పాటు బయటినుంచి స్టెరాయిడ్ అందితే ఒంట్లో సొంతంగా తయారయ్యేది నిద్రపోతుంది. ఠక్కున ఆపితే బీపీ పడిపోయి, షుగర్ పడిపోయి మనిషి కూలిపోవచ్చు. ఒంట్లో తయారయ్యే ఆ సొంత స్టెరాయిడ్ కార్టిసాల్ ఎంతుందో పొద్దున్నే పరీక్ష చేసి, మెల్లమెల్లగా దించాలి, అది డాక్టరు చేతి పని.

కొట్టులోకి ఎప్పుడు వెళ్ళచ్చని అడిగారు. ఫంగస్ మాత్ర ఆపేదాకా కురిడీ పగలగొట్టే చోటికీ, గడ్డి కదిపే చోటికీ వద్దు. తర్వాత బిగుతైన మాస్కుతో గల్లాపెట్టె దగ్గర కూర్చోవచ్చు. పోసాకొనజోల్ నొప్పి తగ్గిందని ఆపేది కాదు, ఎండోస్కోపీలోనూ స్కాన్‌లోనూ శుభ్రంగా కనబడ్డాక డాక్టరు ఆపుతారు. ముక్కు కడగడానికి కాచి చల్లార్చిన నీళ్ళే వాడండి, బోరు నీళ్ళు నేరుగా వద్దు. బుగ్గ తిమ్మిరి కొంత ఉండిపోవచ్చు, దానికి భయపడకండి. కొత్తగా తిమ్మిరెక్కినా, పై పళ్ళు కదిలినా, అంగిట్లో మచ్చ కనబడినా, ఒకటి రెండుగా కనిపించినా ఆ రోజే వెళ్ళండి, ఆదివారమైనా సరే.

వచ్చే విజిట్‌కి వెళ్ళేటప్పుడు ఫైలుతోపాటు ఆ పొట్లం ఒకటి పారెయ్యకుండా తీసుకెళ్ళండి. పేరు లేకపోయినా పర్వాలేదు. లోపల ఎన్ని మాత్రలున్నాయో, రంగేంటో, రోజుకెన్ని పూటలు వేసుకునేవారో ఒక కాగితం మీద రాసి ఆ డాక్టరు చేతికివ్వండి.